కార్టూన్ల బొమ్మల కొలువు

నా చిన్నప్పుడు, అంటే మేము ఒహాయోలో కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో, మా ఇంట్లో దసరాకి ఒక బొమ్మల కొలువు పెట్టారు. అందులో ఒక్క మట్టిబొమ్మ కూడా లేదు. లక్కబొమ్మలు లేవు, శెట్టి లేడు, శెట్టెమ్మ లేదు. అన్నీ వార్తాపత్రికల్లోంచి కత్తిరించిన కార్టూన్లే. ఈ మాట చెబితే మా పిల్లలు నవ్వుతారు. నవ్వవలసిన విషయమే, ఆ రోజు మేమూ నవ్వాం. కాని ఆ కొలువు వెనక మా అక్క ఉంది. మా అక్క గురించి నేను నవ్వుతూ మొదలుపెట్టగలను గాని, నవ్వుతూ పూర్తి చేయలేను.

మా నాన్నగారు ముందు ఒక్కరే అమెరికా వచ్చారు. ఆ తర్వాత మమ్మల్ని పిలిపించుకుందామంటే అందరికీ ఒకేసారి టిక్కెట్లు కొనే స్తోమత లేదు. నేను చిన్నదాన్ని, గొడవ చేస్తాను, కాబట్టి అమ్మతోపాటు నన్ను తెచ్చారు. అక్క బుద్ధిమంతురాలు, చెబితే వింటుంది, కాబట్టి తనని బందరులో అమ్మమ్మ దగ్గర ఉంచారు. అప్పటికి తనకు పదకొండేళ్ళు. బుద్ధిగా ఉన్నందుకు ఇంత అన్యాయమైన బహుమతి ఇంకెవరికైనా దక్కిందా అని ఈ వయసులో కూడా అనుకుంటూ ఉంటాను.

బందరులో ఉన్నప్పుడు అక్క నా జడకొస పట్టుకుని నిద్రపోయేది. నేను లేచి ఎక్కడికైనా పోతానని భయమట. ఒహాయోలో నాకంటూ ఒక గది ఇచ్చారు. అందులో కిటికీ వైపు సగం అక్కది. ఆ సగంలో నేను బట్టలు పడేయకూడదు, ఆడుకోకూడదు. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు, నాకు నేనే పెట్టుకున్నది. కిటికీలోంచి బయటికి చూడాలంటే కూడా "అక్కా, ఒక్కసారి" అని అడిగి అటు వెళ్ళేదాన్ని.

నాన్నగారు ఒక పంపుల ఫ్యాక్టరీలో డిజైన్లు గీసే ఇంజనీరు. శరదృతువు నాటికి జీతం పెంచుతామని పైవాళ్ళు మాటిచ్చారు. ఆ పెంపు రాగానే అక్కకి టిక్కెట్. అక్క వచ్చేటప్పుడు కొలువు బొమ్మలున్న ట్రంకుపెట్టె కూడా తెస్తుందని, దసరా కొలువు ఇక్కడే పెట్టుకుందామని అమ్మ ఊరించేది. నేను కొత్తగా పరిచయమైన ప్రతి పిల్లతోనూ మా అక్క వస్తోందని చెప్పేశాను. స్కూలు బస్సు డ్రైవరుకి కూడా చెప్పాను.

ఎండాకాలం చివర ఒక ఆదివారం సాయంత్రం అధ్యక్షుడు టీవీలోకి వచ్చాడు. అప్పటికి వియత్నాంలో యుద్ధం ఏళ్ళ తరబడి సాగుతోంది. యుద్ధం కోసం పోసిన డబ్బంతా దేశంలో ధరలు పెంచేసింది. ఆ ధరలకు ముకుతాడు వేయాలని, మూడు నెలలపాటు జీతాలూ ధరలూ ఎక్కడివక్కడే ఉండాలని, ఎవరూ ఏదీ పెంచకూడదని ఆయన ప్రకటించాడు. దాన్ని ఇంగ్లిషులో ‘ఫ్రీజ్’ అన్నారు, అంటే ఐసులా గడ్డకట్టించడం. నాన్నగారు చివరిదాకా విని, లేచి టీవీ కట్టేశారు. నాకు ఆ అధ్యక్షుడి మీద ఇప్పటికీ కోపమే. ఆయన పోయి చాలాకాలమైంది, అయినా సరే.

అమ్మకు ఇంగ్లిషు రాదు. నాన్నగారు విడమరిచి చెప్పారు గాని, ఆవిడ ఒక్క ముక్క నమ్మలేదు. వాళ్ళ నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. ధరలు పెరిగినప్పుడల్లా సర్కారువాళ్ళు కరువు భత్యం పెంచేవారు. ఆలస్యంగా పెంచేవారు, అరకొరగా పెంచేవారు, కాని పెంచేవారు. ధరలు మండిపోతున్నప్పుడు జీతం పెంచితే ఒప్పుకోమనే సర్కారు ఒకటి ఉంటుందని ఆవిడ ఊహకే అందలేదు. అదీ అమెరికాలాంటి దేశంలో! కాబట్టి ఆవిడకు తోచింది ఒక్కటే. నాన్నగారు అడగలేదు.

అలా అనుకోవడానికి ఆవిడకు తగినంత ఆధారం ఉంది. మా నాన్నగారికి నోట్లో నాలుక లేదని మా చుట్టాలందరికీ తెలుసు. పెళ్ళి భోజనాల్లో పప్పు వడ్డించేవాళ్ళు తనని దాటి వెళ్ళిపోతే పిలవలేక, ఉత్త పెరుగన్నం తిని లేచిన మనిషి.

"నోరు తెరిచి అడిగారా అసలు?" అంది అమ్మ.

"అడిగానే. ఎవరికీ ఇవ్వకూడదని ఆర్డరు."

"ధరలు కూడా ఆపారన్నారుగా? మరి టమాటాలు ఎందుకు పెరిగాయి?"

పచ్చి కూరగాయలకు ఆ కట్టుబాటు లేదట. నాన్నగారు అదీ చెప్పబోయారు. అమ్మ వినకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. టమాటా సంగతితో ఆయన అబద్ధం బయటపడిందనే ఆవిడ నమ్మకం. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. ఏం కావాలన్నా నా ద్వారానే నడిచేది. మజ్జిగ కావాలేమో కనుక్కో, చాలని చెప్పు, తలుపు వేశారేమో చూడు. ఒకే బల్ల దగ్గర అటొకరూ ఇటొకరూ కూర్చుంటే, మధ్యలో నేను రాయబారం నడిపేదాన్ని. కొన్నాళ్ళు సరదాగానే ఉండేది. తర్వాత ఏడుపొచ్చేది.

ఆ రోజుల్లోనే నాన్నగారికి ఒక కొత్త అలవాటైంది. ఫ్యాక్టరీ క్యాంటీన్లో తోటివాళ్ళు చదివి వదిలేసిన పేపర్లు ఇంటికి తెచ్చేవారు. సాయంత్రం కాఫీ తాగాక కత్తెర పట్టుకుని కూర్చుని కార్టూన్లు కత్తిరించేవారు. జీతాల గురించి, ధరల గురించి రోజుకొక కార్టూన్ పడేది. అసలే ఒళ్ళు మండి ఉన్న అమ్మకు ఇది చూస్తే ఇంకా మండేది. పిల్లని తెచ్చుకోవడం చేతకాలేదు గాని బొమ్మలు కత్తిరించుకుంటున్నారని నాతో అనేది. పక్కనే ఉన్న ఆయనకు వినబడేలాగే అనేది.

నవరాత్రులు వచ్చాయి. అమ్మ దీపం పెట్టింది, అంతకుమించి ఏమీ చేయలేదు. బొమ్మలు రాలేదు, పిల్ల రాలేదు, ఇంక కొలువేమిటి అంది. ఆ శనివారం పొద్దున పక్కింటి పెద్దమ్మ తన కార్లో అమ్మని బజారుకి తీసుకెళ్ళింది. పెద్దమ్మంటే మాకు చుట్టం కాదు, అమెరికా ఆవిడే. అమ్మకు ఆవిడ మీద గురి కుదిరి, నన్ను అలా పిలవమంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ ఇంగ్లిషులో, అమ్మ తెలుగులో గంటలకొద్దీ మాట్లాడుకునేవారు.

వాళ్ళ కారు వీధి మలుపు తిరగ్గానే నాన్నగారు నన్ను పిలిచి, కింద గదిలోంచి ఖాళీ అట్టపెట్టెలు తెమ్మన్నారు. ఒకదాని మీద ఒకటి మెట్లుగా పేర్చి, పైన తన తెల్ల పంచె పరిచారు. మెట్లు బేసిసంఖ్యలో ఉండాలని నేను గుర్తుచేశాను. పై మెట్టు మీద క్యాలెండరులోంచి తీసిన అమ్మవారి పటం పెట్టాం. ఆ తర్వాత ఆయన తన పెట్టెలోంచి బొమ్మలు తీశారు. కార్టూన్లలోని మనుషుల్ని, జంతువుల్ని వేరువేరుగా కత్తిరించి, అట్టకి అతికించి, నిలబడేలా వెనక చిన్న ఆసరా పెట్టారు. ఇన్నాళ్ళూ ఆయన చేస్తున్నది ఇదన్నమాట!

అమెరికా కార్టూనిస్టులకు ఒక అలవాటుంది. ఏ బొమ్మ ఎవరో జనానికి తెలియదేమోనని కడుపు మీదో టోపీ మీదో పేరు రాసేస్తారు. నాన్నగారు ఆ ఇంగ్లిషు అక్షరాల మీద తెల్లకాగితం ముక్కలు అంటించి, తన డ్రాయింగుల్లో రాసే పొందికైన అక్షరాలతో తెలుగులో పేర్లు రాశారు. జీతం. ధర. పన్ను. యుద్ధం. ఆ పేర్లు ఎవరికోసం రాశారో నాకు వెంటనే తెలిసింది. చెప్పొద్దూ, మా నాన్నగారు అంత అందంగా ఉంటారని అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు.

అమ్మా, పెద్దమ్మా సరుకుల సంచులతో లోపలికి వచ్చారు. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. కింది మెట్టు నుంచి పైదాకా చూసింది. ఆ దేశపు రెండు పార్టీలకు గుర్తులైన ఏనుగూ గాడిదా పక్కపక్కన నిలబడి ఉన్నాయి.

"కొలువులో గాడిదేమిటండీ?" అంది.

ఎన్నో వారాల తర్వాత నేరుగా ఆయనతో అన్న మొదటి మాట అది. నాన్నగారు గొంతు సవరించుకున్నారు. పప్పు అడగలేని ఆ మనిషి ఆ పూట కొలువు ముందు నేల మీద కూర్చుని, బొమ్మ తర్వాత బొమ్మ చూపిస్తూ కథ చెప్పారు. పీకలదాకా ఐసుగడ్డలో కూరుకుపోయి, చేతిలో టిఫిన్ డబ్బాతో బిక్కచచ్చిన మనిషిని చూపించి, "వీడు నేనే. మా ఫ్యాక్టరీలో అందరం ఈ ఐసులోనే ఉన్నాం. మా మేనేజరు కూడా ఇందులోనే" అన్నారు. దేశమంతా ఇదే బాధ పడుతోందనీ, అందుకే అన్ని పేపర్లూ ఇవే బొమ్మలు వేస్తున్నాయనీ చెప్పారు.

అమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది. ఐసు గదికి దొడ్డివైపు తలుపు తీసుకుని, వెచ్చటి కోటు తొడుక్కుని, పిల్లిలా జారుకుంటున్న లావాటి బొమ్మని చూపించి అదెవరని అడిగింది.

"టమాటా" అన్నారు నాన్నగారు.

అమ్మ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్ళు నవ్వు ఆగిపోయాక కూడా ఆగలేదు.

"అయితే మీరు అడిగారన్నమాట."

"అడిగానే."

"అయితే పిల్ల రాదన్నమాట."

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు గాని, పెద్దయ్యాక అర్థమైంది. తప్పు నాన్నగారిదైనంతవరకు అమ్మకు ఆశ ఉంది. ఆయన రేపైనా ధైర్యం చేసి అడుగుతారు, జీతం పెరుగుతుంది, అక్క వస్తుంది. ఇప్పుడు తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. ఆశ కూడా దానితోనే పోయింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే, సోమవారం బస్సు డ్రైవరుకి ఏం చెప్పాలా అని ఆలోచించాను.

మేము ముగ్గురం ఇలా ఉండగా పక్కింటి పెద్దమ్మ సంచి కింద పెట్టి కొలువు దగ్గరికి వచ్చింది. కింది మెట్టు మీద ఒక పెద్ద ఫిరంగి ఉంది. దానికి మనిషికున్నట్టే నోరు. ఒక కుటుంబం భోజనం చేసే బల్ల ముందు ఆ ఫిరంగి నోరు తెరుచుకుని కూర్చుంది. తల్లీ తండ్రీ తమ పళ్ళేలు ఎత్తి దాని నోట్లోకి ఒంపుతున్నారు. దాని మీద నాన్నగారు యుద్ధం అని రాశారు. ఫిరంగి వీపు మీద బొటనవేలంత సిపాయి కూర్చుని ఉన్నాడు. వాడికి పేరేమీ లేదు. కార్టూన్ వేసినాయన కూడా వాడికి ఏమీ రాయలేదు. పెద్దమ్మ వంగి, ఆ సిపాయిని వేలితో తాకింది. తన కొడుకు అక్కడే ఉన్నాడని చాలా మెల్లగా అంది.

ఆ మాట అమ్మకు చెప్పింది నేనే. ఆవిడకు ఒక కొడుకున్నాడని మాకు తెలుసు. చదువుకోసం ఎక్కడో ఉన్నాడనుకున్నాం. అన్ని గంటలు మాట్లాడుకున్నవాళ్ళు ఈ ఒక్క సంగతి ఎలా చెప్పుకోలేకపోయారో! బహుశా ఆవిడ చెప్పే ఉంటుంది, అమ్మకు అర్థమై ఉండదు. ఆవిడ మామూలు కబుర్లు చెప్పినప్పుడు అమ్మ తల ఊపినట్టే అప్పుడూ ఊపి ఉంటుంది.

అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్నగారి కత్తెర తీసుకుని, ఆ సిపాయి కాలు కూడా తెగకుండా జాగ్రత్తగా ఫిరంగి మీంచి వేరుచేసింది. ఆ అబ్బాయి పేరేమిటో అడగమని నాతో చెప్పింది. పెద్దమ్మ చెప్పింది. అమ్మ పెన్సిలు తీసుకుని ఆ పేరుని తెలుగక్షరాల్లో వాడి ఛాతీ మీద రాసి, పై మెట్టు మీద అమ్మవారి పటం పక్కన నిలబెట్టింది. తర్వాత లేచి పెద్దమ్మకి బొట్టు పెట్టింది. డబ్బాలో ఉడికించి అమ్మే శనగలకు పోపు పెట్టి పేరంటం చేసింది. పెద్దమ్మ ఆ శనగలు తింటూ, నా గదిలో ఆ ఖాళీ వైపు ఎవరిదని అడిగింది. అమ్మ నా వైపు చూడలేదు. నేను అర్థం చెప్పేలోపే అమ్మకు ఆ ప్రశ్న ఎలా తెలిసిందో గాని, "పెద్దమ్మాయిది" అని తెలుగులోనే జవాబిచ్చింది. ఆ సాయంత్రమంతా వాళ్ళిద్దరూ ఆ కొలువు ముందే కూర్చున్నారు.

మంచు కరిగే రోజుల్లో ఆ అబ్బాయి తిరిగొచ్చాడు. పక్కింటి ముందు కారు ఆగగానే అమ్మ కిటికీలోంచి చూసింది. గబగబా పసుపూ కుంకుమా కలిపి ఎర్రనీళ్ళు చేసుకుని, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా ఆ చలిలో బురదలోంచి నడుచుకుంటూ వెళ్ళింది. యూనిఫారంలో ఉన్న ఆ అబ్బాయిని గుమ్మం ముందే ఆపి, దిష్టి తీసి, నీళ్ళు పక్కన పారబోసింది. వాడికేం జరుగుతోందో తెలియక టోపీ తీసి, ప్రార్థనలో ఉన్నట్టు తలవంచి నిలబడ్డాడు. అమ్మ ముఖం వెలిగిపోతోంది. నేను అంత దగ్గరగా చూశాను కాబట్టి చెబుతున్నాను, అందులో నటన లేదు. ఇంటికి వచ్చాక మాత్రం వంటింట్లో కుళాయి తిప్పి, ఒక్క గిన్నె కూడా కడగకుండా చాలాసేపు అలాగే నిలబడింది.

అక్క రాలేదు. మూడు నెలలయ్యాక ఆ కట్టుబాటు పూర్తిగా తీసేయలేదు. కాస్త వదులు చేసి, ఇంతకు మించి పెంచకూడదన్నారు. నాన్నగారి జీతం కొంచెం కొంచెంగా కదిలింది. టిక్కెట్ కొనే రోజు వచ్చేసరికి బందరులో అమ్మమ్మ జారిపడి మంచాన ఉంది. అమ్మమ్మని వదిలి రానంది అక్క. బుద్ధిమంతురాలు కదా. ఇంకో ఏడాది అనుకున్నాం, ఆ తర్వాత ఇంకో ఏడాది అనుకున్నాం. తను అక్కడే చదివింది, అక్కడే టీచరైంది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటాం. ఆరోగ్యం ఎలా ఉందని తను అడుగుతుంది, నేనూ అడుగుతాను. ఒకరి మాటకి ఒకరం అడ్డు రాము, ఒకరినొకరం నొప్పించుకోము. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళతో ఉన్నంత మర్యాదగా ఉంటాం. అక్కచెల్లెళ్ళు అలా ఉండకూడదు. పోట్లాడుకోవడానికి కూడా కలిసి పెరిగిన ఇల్లొకటి ఉండాలి, అది మాకు లేకపోయింది.

ఇప్పుడు నేను టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో మా అబ్బాయి వాళ్ళింటికి దగ్గర్లోనే ఉంటున్నాను. మా పక్కింట్లో కరీంనగర్ అమ్మాయి, వాళ్ళాయన ఉంటారు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్. వాళ్ళ నాలుగేళ్ళ పాప వీసా పని తేలక కరీంనగర్‌లో అమ్మమ్మ దగ్గర ఆగిపోయింది. ఈమధ్య ఒక సాయంత్రం ఆ అమ్మాయి మా వంటింట్లో కూర్చుని, "ఆంటీ, వీసా స్లాట్ మళ్ళ క్యాన్సిల్ అయింది. ఈ ఇయర్ సాలరీ హైక్స్ కూడా ఫ్రీజ్ చేసిన్రు. వార్ వల్ల అన్నీ హోల్డ్‌లో పెట్టినమని మేనేజర్ అంటుండు. పాపకేం చెప్పాల్నో సమజైతలేదు" అంది. వాళ్ళాయన జీతాల గురించి ఫోన్లో వచ్చిన ఒక మీమ్ చూపించి నన్ను నవ్వించబోయాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. నేను పాప పేరేమిటో, దానికేం ఇష్టమో, రాత్రి ఎవరి పక్కన పడుకుంటుందో అడిగాను. చాలాసేపు చెప్పింది.

నెల తిరిగేసరికి పాపకి వీసా వచ్చింది. అమ్మమ్మతో కలిసి వస్తోందంటే, నేనూ వస్తానని వాళ్ళ కారెక్కాను. నాకు ఇది అలవాటే. తెలిసినవాళ్ళింటికి ఎవరు వస్తున్నా నేను ఎయిర్‌పోర్ట్‌కి వెళతాను. మా పిల్లలు దీన్ని నా పిచ్చి అంటారు. మనవాళ్ళు ఇంకా రాకపోయినా, ఇంకొకరి ఇంటికి వచ్చినవాళ్ళకు మనస్ఫూర్తిగా ఎదురెళ్ళవచ్చని మా అమ్మ చెప్పులు లేకుండా నడిచి చూపించింది. ఆవిడ నాకు నేర్పినవాటిలో ఇదే ఇంకా మిగిలింది.

పాప మొదట వాళ్ళమ్మని చూసి సిగ్గుపడి అమ్మమ్మ చీర వెనక దాక్కుంది. తర్వాత ఒక్క పరుగున వచ్చి ఆ అమ్మాయి మెడ పట్టుకుంది. నేను చప్పట్లు కొట్టాను. "ఆంటీ, మీరెందుకు ఏడుస్తున్నరు?" అంది ఆ అమ్మాయి. సంతోషంతోనేనమ్మా అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. ఎవరి పిల్ల ఎవరింటికి చేరినా నాకు సంతోషమే. కాని అక్కడి అద్దాల తలుపులు తెరుచుకున్న ప్రతిసారీ, వచ్చేవాళ్ళు కనబడకముందే, నా కళ్ళు ముందుగా వెతికేది పదకొండేళ్ళ మా అక్కని.